గోడ మీద జెట్టీ పేరు

హోజియా స్ప్రాగిన్స్ రోజూ పొద్దున్నే కాఫీ తాగి, టోపీ పెట్టుకుని, మెయిన్ వీధిలో కడుతున్న పార్కు దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. నల్ల గ్రానైటు పలకలు లారీలోంచి దింపుతుంటే దగ్గరుండి కాపలా కాస్తున్నవాడిలా చూసేవాడు. ఎండ ముదిరాక ఇంటికొచ్చి, వంటింటి గడపలోనే అక్కని అడిగేవాడు.

"అక్కా, అమ్మ పేరు ఎటువైపు వస్తుంది? ఫౌంటెన్ వైపా, వీధి వైపా?"

అతనికి వినపడదు. ఏడో ఏట పోయాయి చెవులు. తన గొంతు తనకు తెలియదు కాబట్టి ఉప్పందించమన్నా పొలం అవతలి మనిషిని పిలిచినట్టే ఉంటుంది. అక్క కొరీన్ పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. ఊళ్లో మిగతావాళ్ల పెదవులు అతనికి సరిగా చిక్కవు. "వీళ్లంతా చేపల్లాగా నోళ్లు ఆడిస్తారు. నాకు వినపడకపోవడమే మేలు," అని నవ్వేవాడు.

"ఇంకా పేర్లు చెక్కలేదురా," అనేది కొరీన్.

"వీధి వైపయితే బాగుండు. పొద్దుటెండ పడుతుంది."

ఆమె బటర్ చిక్కుళ్ల గిన్నెలో గరిటె తిప్పుతూ మొహం అటు తిప్పుకునేది. మొహం తిప్పుకుంటే అతనితో మాట ఆగిపోయినట్టే. అరవై తొమ్మిదేళ్ల మనిషికి తమ్ముడి దగ్గర ఉన్న ఒకే ఒక చాటు అది.

హోజియాకి గుండె బాగాలేదు. పెద్దాసుపత్రి డాక్టరు కొరీన్‌ని పక్కకి పిలిచి, మళ్లీ చలికాలం చూస్తాడో లేదో అన్నాడు. ఆ మాట ఆమె తమ్ముడికి చెప్పలేదు. పార్కులో ఆ నల్లరాతి గోడ మీద అమ్మ పేరు ఉండబోదన్న మాటా చెప్పలేదు. ఆ గోడకి పెట్టిన పేరు 'నిలబడినవాళ్లు'. తెల్లవాళ్ల కొట్లలో కొనమన్న బాయ్‌కాట్‌లో చివరిదాకా నిలబడ్డ ప్రతి ఇంటివాళ్ల పేరూ దాని మీద ఉంటుంది. వాళ్లమ్మ జెట్టీ స్ప్రాగిన్స్ నిలబడలేదని పంతొమ్మిది వందల అరవయ్యారులోనే కొండ మీది చర్చి తేల్చేసింది.

ఆ రోజుల్లో మెయిన్ వీధిలో కొట్లన్నీ తెల్లవాళ్లవి. నల్లవాళ్ల డబ్బు కావాలి, నల్లవాళ్ల పిల్లకి గల్లాపెట్టె దగ్గర ఉద్యోగం మాత్రం ఇవ్వరు. తల నెరిసిన మనిషినైనా 'ఏరా, ఒరే' అనే పిలుస్తారు. చివరికి హాలీస్ బ్లఫ్ ఊరి నల్లవాళ్లంతా కొండ మీది చర్చిలో చేరి, చేతులెత్తి ఒట్టు పెట్టుకున్నారు: ఆ వీధిలో సూది కూడా కొనం. రెండు వేసవులు కొనలేదు. ఎవరికేం కావాలన్నా చర్చికి కబురు పెడితే కారు వచ్చి, పక్క జిల్లాలో మనవాళ్ల కొట్లకి తీసుకెళ్లి తెచ్చేది. మూలమూలనా కుర్రాళ్లు కాపలా ఉండేవాళ్లు. ఎవరైనా సంచీతో కొట్లోంచి బయటికొస్తే ఆ సంచీ లాక్కుని రోడ్డు మీద బోర్లించేవాళ్లు. పిండి దుమ్ములో కలిసేది, గుడ్లు పగిలి ఎండకి ఉడికేవి. అది అన్యాయమని ఎవరూ అనలేదు. అలా చేయకపోతే ఒట్టు వారం కూడా నిలవదని అందరికీ తెలుసు.

జెట్టీ ఆ ఒట్టు రోజున ముందు వరసలో చెయ్యెత్తింది. అంతకుముందే ఓటు రాయించుకోవడానికి కోర్టు మెట్లెక్కిన ఆడవాళ్లలో ఆమె ఒకతె. దానికి జైల్లో పెట్టారు. బయటికొచ్చేసరికి ఆమె బట్టలు ఇస్త్రీ చేసే తెల్లవాళ్ల ఇళ్లన్నీ తలుపులేసుకున్నాయి. "పోనీలే, వాళ్ల చొక్కాలు వాళ్లే కాల్చుకుంటారు," అంది. సన్నంగా, పొడుగ్గా ఉండేది. నడుస్తుంటే ఎవరైనా వెనకనుంచి పిలిచినా ఆగేది కాదు, పిలిచినవాళ్లే పరిగెత్తాలి.

ఆగస్టులో హోజియాకి జ్వరం వచ్చింది. మెడ కొయ్యబారింది. పక్క జిల్లా నుంచి వచ్చిన డాక్టరు మందు రాసిచ్చి, ఆలస్యం చేయొద్దని చెప్పి వెళ్లాడు. జెట్టీ చర్చికి కబురు పెట్టింది. మధ్యాహ్నానికల్లా కారు వస్తుందన్నారు. పదమూడేళ్ల కొరీన్ రోడ్డు మీద నిలబడి ఎదురు చూసింది. నీడలు సాగాయి. కారు రాలేదు. లోపల హోజియా అరిచి అరిచి, అరవడం మానేశాడు. మానేయడమే జెట్టీని భయపెట్టింది. నడుముకి కట్టుకున్న వంట ఏప్రను కూడా విప్పకుండా మెయిన్ వీధికి నడిచి, తెల్లవాళ్ల మందుల షాపులోకి వెళ్లింది. కొరీన్ వెనకాలే పరిగెత్తింది.

బయటికొచ్చేసరికి మూల మీద రేఫీల్డ్ కాబిన్స్ ఉన్నాడు. పంతొమ్మిదేళ్లవాడు. అంతకు పది రోజుల ముందే పోలీసులు లాఠీతో కొట్టి అతని ఎడమ కన్ను పోగొట్టారు. కట్టు ఇంకా విప్పలేదు.

"మిస్ జెట్టీ, ఆ సంచీ ఇటివ్వండి."

"జరగరా పక్కకి. నీ ముడ్డి కడిగిన చేతులివి."

"చేతులు మీవే, ఒట్టు కూడా మీదే. మీరే కదా అందరికంటే పైకెత్తారు."

"మందురా రేఫీల్డ్. మా వాడికి. కారు రాలేదు."

"వస్తుంది."

"ఎప్పుడు? నా బిడ్డని పూడ్చాకా?"

వీధికి అవతలి పక్క తెల్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఒకడు నవ్వాడు. ఆ నవ్వు వినపడకపోతే రేఫీల్డ్ ఏం చేసేవాడో చెప్పలేం. సంచీ లాక్కున్నాడు. సీసా తీశాడు. విసిరి కొట్టలేదు. చెయ్యి చాపి, వేళ్లు విప్పాడు, అంతే. జెట్టీ మోకాళ్ల మీద కూర్చుని, గాజుపెంకుల్లోంచి మందుని ఏప్రను అంచుతో అద్దడానికి చూసింది. ఆ ఏప్రను ఇంటికి తెచ్చి హోజియా నోట్లో పిండింది. రెండు చుక్కలు కూడా రాలేదు.

చీకటిపడ్డాక వచ్చింది కారు. ఉత్తరాది నుంచి వచ్చిన పత్రికలవాళ్లని ఎక్కించుకుని, ఖాళీగా ఉన్న కొట్లు చూపించడానికి పగలంతా తిరిగింది. అప్పటికి పక్క జిల్లాలో మందుల షాపు మూసేశారు. మందు మర్నాడు వచ్చింది. పిల్లాడు బతికాడు. కళ్లు తెరిచి, అమ్మ పెదవులు కదలడం చూసి, "అమ్మా, గట్టిగా మాట్లాడు," అన్నాడు.

తర్వాతి బుధవారం చర్చిలో పంచాయితీ పెట్టారు. తప్పు ఒప్పుకుని క్షమాపణ అడగమన్నారు. జెట్టీ నిలబడింది.

"మీ అందరికీ పిల్లలున్నారు. అడగను."

వెలివేయాలని ఒకరన్నారు, అవునని ఇంకొకరన్నారు. చేతులు లేచాయి. ఆ కారు తోలినవాడు మూడో వరసలోనే కూర్చున్నాడు. అతని చెయ్యి కూడా లేచింది. కారు మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే పత్రికలవాళ్ల మాట వస్తుంది, పత్రికలవాళ్లు రాకపోతే ఆ ఊరి సంగతి దేశానికి తెలిసేది కాదు. అందరూ లెక్క చూసుకున్నారు. ఆ లెక్కలో ఒక ఆడమనిషిని వదులుకోవడం చవగ్గానే తేలింది.

వెలి అంటే ఆ చర్చిలో తలుపులు శాశ్వతంగా మూసేయడం కాదు. ప్రతి ఆదివారం ప్రసంగం అయ్యాక బల్ల ముందు రెండు కుర్చీలు వేస్తారు. వెలిపడ్డవాళ్లు ఎప్పుడైనా వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, చర్చికి అపచారం చేశాను, మన్నించండి, అనొచ్చు. చేతులెత్తి మన్నిస్తారు. తర్వాత అందరూ వరసగా వచ్చి కుడిచెయ్యి కలుపుతారు. అంతటితో సరి. చాలామంది అలా తిరిగొచ్చారు, తాగుబోతులు, పెళ్లాన్ని కొట్టినవాళ్లు, ఒక దొంగ కూడా. జెట్టీ మాత్రం ఆదివారం వస్తే ఇంటి అరుగు మీద కుర్చీ వేసుకుని, చర్చికి వెళ్లేవాళ్లందరికీ కనపడేలా కూర్చునేది.

"నేను బతికుండగా వాళ్ల కుర్చీ ఎక్కను. చచ్చాక నన్నెవరైనా ఎక్కిస్తే, దెయ్యమై పట్టుకుంటాను," అని పిల్లలతో అనేది. హోజియా ఆమె పెదవుల మీద చదివిన మొదటి పెద్ద మాటల్లో అదొకటి. అది చెప్పినప్పుడల్లా పకపకా నవ్వేవాడు.

కొరీన్ బడి మానేసింది. జెట్టీకి మళ్లీ పని దొరికింది కానీ, చెవిటి పిల్లాడిని వీధి పిల్లలు వెనకనుంచి రాళ్లతో కొట్టి, వాడు తిరిగి చూసేసరికి దాక్కుంటుంటే ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా. తర్వాత కొరీన్ ఆసుపత్రి లాండ్రీలో చేరింది. నెత్తుటి దుప్పట్లు ఉడకబెట్టే ఆవిరిలోనే ఆమె వయసంతా ఇంకిపోయింది. లియోటిస్ అనే కుర్రాడు ఒక ఏడాది ఆమెని ఇంటిదాకా దింపాడు. అతని తల్లి మాత్రం, "వెలి ఇంటి పిల్ల నా వంటింట్లోకి రాదు," అంది. ఆ మాట కొరీన్‌కి చెప్పడానికి వచ్చి, చెబుతూ ఏడ్చాడు. ఏడుస్తూనే షికాగో బస్సెక్కాడు. హోజియాని రంపపు మిల్లులో తీసుకున్నారు. మేస్త్రీ అతన్ని పెద్ద రంపం పక్కనే నిలబెట్టి, "ఇంత మోత నీకే సరిపోతుందిరా, దేవుడు చూసే చేశాడు," అని భుజం తట్టాడు.

జెట్టీ పోయిన రోజు ఇంకా దారుణం. ఆ ఊళ్లో ఎవరైనా పోతే సాయంత్రానికల్లా వంటింట్లో కాలు పెట్టే సందుండదు. వేయించిన కోడి, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంప తీపివంట, అన్నీ వస్తాయి. గిన్నె తిరిగి ఎవరికివ్వాలో తెలియడానికి అడుగున పేరు రాసి అంటిస్తారు. కొరీన్ బల్ల తుడిచి, శుభ్రమైన గుడ్డ పరిచి కూర్చుంది. ఒక్క కేకు వచ్చింది. గుమ్మంలో పెట్టి పోయారు. ఆమె పళ్లెం తిరగేసి చూసింది. పేరు లేదు.

చర్చి తలుపు తీయలేదు. శవాల గదిలోనే ప్రార్థన చేసి, ఊరి బయట మట్టిలో కప్పెట్టారు. అక్కాతమ్ముళ్లు ఇంటికొచ్చి ఆ కేకు తిన్నారు. "ఎవరో గానీ వెన్న బాగా వేశారు," అన్నాడు హోజియా.

కొన్నేళ్లకి కొరీన్ చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆమెని ఎవరూ వెలివేయలేదు, చివరి వరసలో కూర్చునేది. పాట కోసం వెళ్తున్నానని తమ్ముడికి చెప్పింది. పాట అంటే ఏమిటో మర్చిపోయిన మనిషి దానికేం బదులు చెబుతాడు?

ఇన్నేళ్లూ ఆమె గోడలూ పేర్లూ కోరుకోలేదు. తమ్ముడు అడగడం మొదలుపెట్టాకే కావలసి వచ్చింది. ఆ వసంతంలో ఒక సాయంత్రం పౌడరు రాసుకుని, పార్కు కమిటీ ఆఫీసుకి వెళ్లింది. కమిటీ కార్యదర్శి లట్రీస్, అట్లాంటాలో చదివొచ్చిన పిల్ల, మర్యాదగా లేచి కుర్చీ చూపించింది. కమిటీ పెద్ద, ఇప్పుడు చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ రేఫీల్డ్ కాబిన్స్ కిటికీ పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఒక్క కన్నుతో ఆమెని చూసి గిన్నె పక్కన పెట్టాడు.

"రామ్మా కొరీన్. ఎందుకొచ్చావో నాకు తెలుసు. ఇన్నాళ్లూ రాలేదేంటా అనుకుంటున్నా."

"మా అమ్మ పేరు, డీకన్ గారూ."

లట్రీస్ ఇద్దరి మొహాలూ చూసింది. "ఆవిడ జైలుకి కూడా వెళ్లారు కదా డీకన్ గారూ. పెడితే ఏంటి?"

"నువ్వప్పటికి పుట్టలేదు తల్లీ. ఆ గోడ జైలుకెళ్లినవాళ్లది కాదు. నిలబడినవాళ్లది. జెట్టీ పేరు పెడితే, రేపు ఇంకో పదిమంది వస్తారు. మా నాన్న కూడా ఒక్కసారే కొన్నాడు, మా అత్త కూడా ఒక్కసారే, అని. ఒట్టుకి ఒక్కసారే ఉండదు."

"మందు కొంది. వాడికోసం," అంది కొరీన్.

"తెలుసమ్మా. సీసా ఈ చేతుల్లోనే ఉంది." అరచేతులు చూపించాడు. శెనక్కాయ పొట్టు అంటుకుని ఉంది. "మీ తమ్ముడు నా ఎదురుగా నడిచినప్పుడల్లా నాకు కనపడుతూనే ఉంటుంది. కానీ ఆ రోజు వదిలేసుంటే, మర్నాడు కొట్లు నిండిపోయేవి. అలా జరిగుంటే ఈ లట్రీస్ ఎక్కడుండేది? ఎవరి గచ్చు తుడుస్తూ ఉండేది? చెప్పు."

అతను అన్నది నిజమేనేమో. అదే కొరీన్‌కి ఊపిరాడనివ్వలేదు.

"కారు రాలేదు, డీకన్ గారూ."

"రాలేదు." అతను అరచేతుల్లోని పొట్టు దులుపుకున్నాడు. "ఆ తోలినవాడు మా అన్న. పోయాడు. గోడ మీద ఉన్నాడు."

లట్రీస్ తల వంచుకుని కాగితాలు సర్దింది.

"ఒక్కటే దారి," అన్నాడు రేఫీల్డ్ మెత్తగా. "చర్చి వెలివేసింది, చర్చే వెనక్కి తీసుకోవాలి. ఆమె లేదు కాబట్టి ఆమె తరఫున నువ్వు కూర్చో. అలా ఎప్పుడూ జరగలేదు. నేను పాస్టరు గారితో మాట్లాడతా. మన్నిస్తే ఆమె మళ్లీ మన మనిషి. అప్పుడు గోడ ఆపేదెవరు?"

"అమ్మ ఒప్పుకునేది కాదు."

"ఒప్పుకోకే కదా ఇంతదాకా వచ్చింది. నీ ఇష్టం. రాయి చెక్కేవాళ్లు నెలాఖరుకి వస్తారు."

రెండు ఆదివారాలు ఆమె చివరి వరసలోంచి ఆ కుర్చీలని చూసింది. మూడో ఆదివారం పొద్దున హోజియా మెట్ల మీద ఆగి, ఛాతీ ఎడమవైపు పట్టుకుని, "ఏం లేదు, ఎక్కువ తిన్నా," అన్నాడు. ఆమె తెల్ల గౌను తొడుక్కుని చర్చికి వెళ్లింది. ప్రసంగం అయ్యాక లేచింది. నడవ ఇంత పొడవని ఆమెకి ఎప్పుడూ తెలియదు. బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో కూర్చుంది. పక్కది జెట్టీదన్నాడు పాస్టరు, దాని వీపు మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి ఎవరి భుజం మీదో వేసినట్టే వేశాడు.

"ఏం అడగడానికి వచ్చావమ్మా?"

కొరీన్ పెదవులు తడుపుకుంది. "మా అమ్మ..."

"గట్టిగా చెప్పు సిస్టర్!" వెనకనుంచి ఎవరో అన్నారు.

"మా అమ్మ జెట్టీ స్ప్రాగిన్స్ చర్చికి అపచారం చేసింది. ఆమె తరఫున మన్నించమని అడుగుతున్నాను."

"ఆమేన్" అన్నారు. ఇద్దరు ముసలమ్మలు నిజంగానే ఏడ్చారు. చేతులు లేచాయి, ఒక్కటి తప్ప. లేవని చెయ్యి కారు తోలినవాడి భార్యది. ఆమె గోడ మీద భర్త పేరు పక్కన జెట్టీ పేరు వస్తుందేమోనని అడిగింది. అక్షర క్రమంలో చాలా దూరం వస్తుందని రేఫీల్డ్ సర్ది చెప్పాక ఆమె కూడా ఎత్తింది. అందరూ వరసగా వచ్చి కుడిచెయ్యి కలిపారు. ఖాళీ కుర్చీ ముందు కూడా ఆగి తల ఊపి వెళ్లారు. చివరన వచ్చిన రేఫీల్డ్ రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని, "ఇక మీ అమ్మ నిద్రపోతుంది," అన్నాడు. అతని ఒక్క కన్నూ నీళ్లతో నిండి ఉంది.

ఇంటికొచ్చాక ఆమె హోజియా ఎదురుగా నిలబడి, పెదవులు విప్పి స్పష్టంగా చెప్పింది. "అమ్మ పేరు పెడుతున్నారు."

"చెప్పానా?" అరిచాడు. "చెప్పానా నేను! చివరికి సిగ్గొచ్చిందన్నమాట. ఎవరు చెప్పారు? రేఫీల్డా?"

"అవును."

"వాడేమన్నాడు?"

కొరీన్ తమ్ముడి కళ్లలోకి చూసింది. ఆమె పెదవుల మీదే నిలిచి ఉన్నాయి అవి, ఆకలిగా. "తప్పైపోయిందన్నాడు," అంది.

హోజియా కుర్చీలో కూలబడి, మొహం మీద టోపీ పెట్టుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. మర్నాడు పొద్దున్నే రాయి చెక్కేవాళ్ల దగ్గరికి వెళ్లి, అమ్మ పేరులో టీ అక్షరాలు రెండని వేళ్లతో చూపించి వచ్చాడు. వీధి వైపే వచ్చింది. పొద్దుటెండ పడింది. రోజూ వెళ్లి, వేలితో అక్షరాల్లోని రాతిపొడి తుడిచి వచ్చేవాడు. అతని మొహంలో కళ వచ్చిందని డాక్టరు కూడా అన్నాడు. పార్కు తెరిచేదాకా ఆ రెండు వారాలూ కొరీన్‌కి అబద్ధం తీపిగానే ఉంది. చేసింది మంచే అనుకుంది.

పార్కు తెరిచే రోజు ఊరంతా వచ్చింది. మెయిన్ వీధిలో ఇప్పుడు సగం కొట్లు మూతపడి, తలుపులకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. మిగిలిన తెల్లవాళ్లు కొందరు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. చేపలు వేయించే నూనె వాసన, అట్టల విసనకర్రలు, చర్చి పాటలు. మేయరు మాట్లాడాడు. పాటకి అందరూ లేస్తే హోజియా కూడా లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. కొత్త సూటు వేసుకున్నాడు. మెడ దగ్గర పెద్దదయింది. పేర్ల మీది గుడ్డ లాగగానే జనం గోడ మీదికి తోసుకున్నారు. హోజియా తల్లి పేరు పక్కనే నిలబడి, దగ్గరికొచ్చిన ప్రతివాడికీ చూపించి, "మా అమ్మ! మా అమ్మ!" అని అరుస్తున్నాడు. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. అతనూ నవ్వాడు.

అప్పుడు రేఫీల్డ్ కర్ర ఊతంతో జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. అతను చెడ్డవాడయితే ఆ రోజు రాకపోయేవాడు. యాభై ఏళ్లకి పైగా ఆ చెవిటివాడికి ఎదురుపడినప్పుడల్లా వీధి మారిన మనిషి, ఇక మారక్కర్లేదని సంతోషంగా వచ్చాడు. హోజియా చెయ్యి పట్టుకున్నాడు. చెవిటివాడికి అర్థం కావాలని నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా సాగదీసి చెప్పాడు.

"హోజియా, నాయనా. మేం మీ అమ్మని క్షమించాం."

హోజియా నవ్వు మొహం మీద అలాగే ఉంది. "ఏంటి?"

కొరీన్ మనుషుల్ని తోసుకుంటూ వస్తోంది. "డీకన్ గారూ, వద్దు, డీకన్ గారూ..."

"క్షమించాం," అన్నాడు రేఫీల్డ్, ఇంకా పెద్దగా నోరు తెరిచి, గుండె మీద తట్టుకుని. "మీ అక్క వచ్చి కుర్చీలో కూర్చుని అడిగింది. అందరం చెయ్యెత్తాం."

హోజియా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అక్కవైపు తిరిగాడు.

"ఏ కుర్చీ?"

ఆ అరుపుకి చుట్టూ మాటలు ఆగిపోయాయి.

"ఇంటికెళ్లాక చెబుతానురా."

"ఇక్కడ చెప్పు. ఏ కుర్చీ?"

"చర్చిలో."

"ఏమని అడిగావు?"

జనం వింటున్నారు. కొరీన్ గొంతు తగ్గించింది. గొంతు తగ్గిస్తే అతనికేం తేడా? పెదవులు కనపడుతూనే ఉన్నాయి. "అమ్మ తప్పు చేసిందని. మన్నించమని."

"వీడు తప్పైపోయిందన్నాడన్నావు."

ఆమె అతని భుజం పట్టుకోబోయింది.

హోజియా గోడవైపు తిరిగి, తల్లి పేరు మీద అరచెయ్యి పెట్టాడు. అక్షరాలు మూసినట్టు పెట్టాడు. ఆ చెయ్యి చాలదు, చివరి అక్షరాలు బయటే ఉన్నాయి. కాసేపటికి చెయ్యి తీసి, ఎవరినీ చూడకుండా ఇంటికి నడిచిపోయాడు. వెనకనుంచి రేఫీల్డ్ లట్రీస్‌తో అనడం కొరీన్‌కి వినపడింది. "నేనేమన్నానమ్మా? మంచి మాటే కదా అన్నాను?"

ఆ సోమవారం కొరీన్ మళ్లీ కమిటీ ఆఫీసుకి వెళ్లింది. పేరు తీసేయమంది.

లట్రీస్ నీళ్లు తెచ్చి ఇచ్చింది. "మిస్ కొరీన్, అది రాయి కదా. ఒక్క పేరు తీయాలంటే పలక మొత్తం మార్చాలి. దాని మీద ఇంకా ముప్ఫై ఇళ్లవాళ్లున్నారు. వాళ్లందరూ ఒప్పుకోవాలి."

"సిమెంటుతో పూడ్చండి."

"పూడిస్తే మచ్చ కనపడుతుంది. ఇక్కడెవరో ఉండేవాళ్లు, తీసేశారు అని అందరికీ తెలుస్తుంది. అది ఇంకా అవమానం కాదా?"

కిటికీ దగ్గర నుంచి రేఫీల్డ్ నిట్టూర్చాడు. "పెట్టమన్నదీ నువ్వే, తీయమన్నదీ నువ్వే. మీ ఇంటివాళ్లని ఎవరు తృప్తి పరచగలరమ్మా? అంతా మీ అమ్మ పోలికే."

జీవితంలో మొదటిసారి ఒకరు ఆమెది తల్లి పోలిక అన్నారు. ఆమె నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

హోజియా ఇల్లు వదిలి పోలేదు. పోవడానికి ఎక్కడుంది? గుండె ఆగిపోలేదు, చలికాలం వచ్చింది, అదీ గడిచింది. డాక్టరు ఆశ్చర్యపోయాడు. పార్కువైపు మాత్రం వెళ్లడం లేదు. పెట్టింది తింటాడు, మందులు వేసుకుంటాడు, పొయ్యిలోకి కట్టెలు కొట్టి పెడతాడు. అక్క మొహం మాత్రం చూడడు. ఆమె ఎదురుగా వస్తే కళ్లు పళ్లెంలో పెట్టుకుంటాడు. కాగితం మీద రాసి పెడితే దాంతోనే పొయ్యి రాజేస్తాడు. చర్చిలో ఇప్పుడు కొరీన్‌ని ముందు వరసలో కూర్చోబెడుతున్నారు. అందరూ సిస్టర్ స్ప్రాగిన్స్ అని నోరారా పిలుస్తారు. ఇంటికొస్తే పగలంతా పలకరించే నోరు ఒక్కటి లేదు.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం అతను తింటుండగా ఆమె అన్నం బల్ల దగ్గర తన కుర్చీ లాక్కుని, అతని పక్కన కాదు, ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. రెండు చేతులతో అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. చిన్నప్పుడు జ్వరం తగ్గాక మాటలు నేర్పేటప్పుడు అలాగే పట్టుకునేది. అతను విదిలించుకోలేదు. గడ్డం నెరిసి, గరుగ్గా ఉంది. చాలా నెలల తర్వాత ఆ కళ్లు ఆమె పెదవుల దాకా వచ్చాయి.

"హోజియా," అంది.

అతను కళ్లు మూసుకున్నాడు.

కొరీన్ చేతులు తీయలేదు. ఆ మూసిన కళ్ల ముందు, ఆ రోజు చర్చిలో అనాల్సిన మాటలన్నీ అంది. అమ్మ ఏ తప్పూ చేయలేదంది. కారు రాలేదంది, చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసంది. గొంతు పెంచి, చివరికి పక్కింటివాళ్లు కిటికీ తెరిచి చూసేలా అరిచి చెప్పింది. వేళ్ల కింద అతని దవడ నెమ్మదిగా కదులుతోంది. నోట్లో ఉన్న ముద్ద నములుతున్నాడు.